తిరుగుడు కుర్చీ విజయము

శ్రీమదఖండ గ్రీష్మతాప విజృంభణమున పెన్నానది ఇసుకతిన్నెలు పెనములై కాలుచుండగా, మైపాడు తీరమున పీతలు సైతము బొరియ విడిచి వెలికి వచ్చుటకు ముందువెనుకలాడుచుండగా, రోహిణీకార్తె ప్రచండభానుడు తన వేయి కిరణములలో ఒక్కటియైనను దాచుకొనక నెల్లూరు నగరముపై ప్రయోగించుచున్న ఒకానొక మిట్టమధ్యాహ్నమున, ట్రంకురోడ్డుకు ఒక సందు లోపల, మూడవ అంతస్తున, ఏసీ గల ఒక పన్నుల కార్యాలయములో సంభవించిన మహాసంగ్రామమును చెప్పబోవుచున్నాను. వినువారు ఫోన్లు సైలెంటులో పెట్టుకొందురు గాక. ఈ ఎండలో ఒకసారి చెప్పుటకే నాకు ఓపిక ఉన్నది.

గూడూరుపురవాసిని, దర్జీకులతిలకుడగు లాల్ అహ్మద్ గారి ద్వితీయపుత్రిక, బీకాం పరీక్షాసముద్రమును చేతులు నొప్పిపుట్టునట్లు ఈదిన మహాధీర, ప్యాసింజరు రైలుయాన విశారద, షమీమ్ అను వీరకన్య గలదు. కంపెనీల ఆదాయపు పన్ను లెక్కలు నేర్వవలెనను ఘోరప్రతిజ్ఞ పట్టి, ఆమె ఆ వేసవిలో చార్టర్డ్ అకౌంటెంట్ ఉషారాణి గారి ఆస్థానమున ఇంటర్న్‌గా చేరెను. చేరినది మొదలు నిలబడియే ఉన్నది.

కారణమేమనగా, ఆ ఆస్థానమున కుర్చీలు తక్కువ, వచ్చువారు ఎక్కువ. ఏ రొయ్యల కంపెనీ డైరెక్టరు గుమ్మములో చెప్పులు విడిచిన చప్పుడు వినబడినను షమీమ్ దిగ్గున లేచి, చున్నీకొనతో కుర్చీ తుడిచి, "కూర్చోండి సార్" అనవలె. అట్లని ఆమెకు ఎవరూ చెప్పలేదు. పెద్దవారు వచ్చినప్పుడు చిన్నవారు కూర్చొని ఉండుట మన దేశమున ఎక్కడను లేదు. ఆ విధముగా ఆమె జిరాక్సు తీయుట నేర్చెను, మంచినీళ్ల క్యాను మార్చుట నేర్చెను, గోడకు ఆనుకొని ఒక కాలిని ఇంకొక కాలిపై వేసి విశ్రమించు కొంగవిద్యయు నేర్చెను. పన్ను మాత్రము నేర్వలేదు. ప్రతి సాయంత్రము ఇంటికి చేరగానే "ఈపొద్దు ఏ కంపెనీకి లెక్క వేసినావు?" అని తల్లి ఆశతో అడుగును. ఆ ప్రశ్నకు షమీమ్‌కు నిజముగా ఏడుపు వచ్చెడిది.

అంతట ఆఖరు దినము రానే వచ్చెను. ఉషారాణి గారు హ్యాండుబ్యాగు భుజమున ధరించి ఇట్లనిరి: "షమీమ్, ఈపొద్దుతో అయిపోతుంది గదా నీకు. హజరత్తయ్య గారి కంపెనీ ఉంది చూడు, వాళ్ల రొయ్యల చెరువుల్లో నీళ్లు చిలికే ఏరియేటర్లకు తరుగుదల లెక్క నువ్వెయ్యి. నేను బ్యాంకుకు పోయొస్తా. వచ్చేసరికి కాకపోతే నేనే వేసుకుంటాలే."

ఆహా, ఆ చివరి మాట. అందులో కోపము లేదు, విసుగును లేదు, అందుకే అది ఎముక దాకా దిగెను. మేడమ్ తిరిగివచ్చులోపల లెక్క పూర్తియైనచో షమీమ్ తన చేతితో ఒక కంపెనీకి పన్ను పని చేసినదగును. కానిచో వేసవియంతయు నీళ్ల క్యానుల ఖాతాలోనికి పోవును. ఆమె చున్నీ నడుమునకు బిగించి, లెక్కల సాఫ్ట్‌వేరు గల ఏకైక కంప్యూటరు వైపు దండు వెడలెను.

ఆ కంప్యూటరు ఎదుట ఒక చెయ్యి విరిగిన విశాలమైన తిరుగుడు కుర్చీ కలదు. ఆ కుర్చీయందు ధవళకేశపాశ, తాంబూలరంజితాధర, శీతలపవనసేవనతత్పర, భయంకర గుర్రునాద విదారిత దిగంతర, ఇందుకూరుపేట నుండి వేంచేసిన వెంకటశేషమ్మ గారు గాఢనిద్రలో ఉండిరి. ఆమె హజరత్తయ్యకు కన్నతల్లి. కాగితము మీద ఆ కంపెనీకి ఆమెయు ఒక డైరెక్టరు. డైరెక్టరు ఒకరు వచ్చి సంతకము చేయవలెనని కబురు పెట్టగా, ఏ డైరెక్టరో తెలియని హజరత్తయ్య తాను, బావమరిది, చిన్నాయన, తల్లి, వెరసి డైరెక్టర్ల బోర్డు మొత్తమును ఒకే కారులో కుక్కుకొని తెచ్చియుండెను. తక్కిన కుర్చీలన్నియు ఆ బోర్డు క్రిందనే ఉన్నవి.

షమీమ్ సింహాసనము ముందు నిలిచి, భ్రుకుటి ముడిచి, మేఘగంభీరస్వరమున ఇట్లు పలికెను:

"ఓ నిద్రాసామ్రాజ్య పట్టమహిషీ, రొయ్యకుల వ్యాపార ధురంధరా, నీవు అధిష్ఠించినది కుర్చీ గాదు, నా వేసవి సమస్తము. లెమ్ము. లేవకున్నచో ఈ షమీమ్ నిలబడి నిలబడి రాటుదేలిన కాళ్ల సాక్షిగా చెప్పుచున్నది, ఈ దినము నీవో నేనో తేలిపోవలె."

ఈ గర్జన ఆమె గొంతు దాటలేదు. బయటికి వచ్చినది ఇంతే: "అవ్వా..."

"లేపబాక పాపా," అనెను హజరత్తయ్య, గోడవారనున్న కుర్చీలో నుండి. "ఊర్లో కరెంటు సరిగా లేక మా అమ్మ కంటినిండా నిద్రపోయి ఎన్ని రోజులైందో. ఇక్కడ ఏసీ ఉంటాదని తోడుకొచ్చినా. సంతకందేముందిలే, లేచినాక పెడతాది."

వీరకన్య హృదయము అక్కడనే సగము ఓడిపోయెను. ఉక్కతో రాత్రులు జాగరణ చేసిన ముసలిప్రాణమును లేపుటకు ఆమెకు మనసొప్పలేదు. కావున ఆమె తన యుద్ధనీతిని మార్చుకొని, శత్రువు కునుకు చెడకుండ రాజ్యమును గెలువవలెనని నిశ్చయించెను.

మొదట ఆమె కుర్చీ వెనుకకు పోయి, అవ్వ తల మీదుగా వంగి, బాహుదండములను సాచి కీబోర్డును ముట్టడించెను. కానీ మౌసు అవ్వ అరచేతి క్రింద బందీగా ఉండెను. అవ్వ గుర్రు పెట్టినప్పుడెల్ల ఆ చేయి కదలును. చేయి కదలినప్పుడెల్ల తెరపై బాణపుగుర్తు చెరువు గట్టున ఎండ్రకాయ వలె అడ్డముగా పరుగెత్తును. షమీమ్ ఎంతో శ్రమించి కొట్టిన మొదటి అంకె ఏరియేటర్ల వరుసను విడిచి మేత గోడౌను వరుసలో పోయి పడెను. రెండవది ఎక్కడ పడినదో నాకును తెలియదు.

పిమ్మట ఆమె రిమోటాస్త్రమును చేతబట్టి, చల్లదనము పోయిన అవ్వ తనంతట తానే కదలునేమోనని, మనసు పీకుచుండగనే ఏసీని కట్టివేసెను. అవ్వ కదలలేదు, డెబ్బది వేసవుల ఎండకు కాగిన దేహమునకు అదియొక లెక్క గాదు. బోర్డు మాత్రము ఏకకంఠముగా కేకవేసెను.

"ఎవరయ్యా ఏసీ ఆపింది?" అనెను బావమరిది, చొక్కా గుండీలు విప్పుకొనుచు. "చేపల మాదిరి ఎండబెడతారా మమ్మల్ని?"

షమీమ్ సిగ్గుపడి ఏసీని మరల వేసి, గోడకు ఆనుకొని నిలబడెను. మేడమ్ వచ్చు వేళ అగుచున్నది. వీధిలో స్కూటరు చప్పుడైనప్పుడెల్ల ఆమె తలుపు వైపు చూచుచున్నది. ఇక అయిపోయినది, మేడమే వేసుకొందురు, అనుకొనెను.

సరిగా ఆ క్షణమున వెంకటశేషమ్మ గారి పెదవులు కదలెను. కన్నులు తెరువకుండగనే ఆమె అడిగెను: "ఇందుకూరుపేట వచ్చిందా?"

షమీమ్‌కు సంగతి తెలిసిపోయెను. అవ్వ కార్యాలయములో లేదు. అవ్వ ఆర్టీసీ బస్సులో ఉన్నది. బస్సులోనివారితో మాటలాడవలసిన భాష, రోజూ రెండు పూటలు రైలుపెట్టెలో నలిగిన షమీమ్ కంటె బాగుగా ఎరిగినవారెవరు? శంఖములు పూరించలేదు, భేరులు మ్రోగించలేదు. అవ్వ చెవి దగ్గరకు వంగి, మెల్లగా అనెను:

"ఇంకా రాలేదవ్వా. కొంచెం జరుగు, కూర్చుంటా."

అవ్వ కన్నులు తెరువలేదు. చీరకుచ్చెళ్లు ఒడిలోనికి లాగుకొనెను, మౌసును విడిచెను, కుర్చీకి చేయి ఉన్న వైపునకు ఒదిగెను. "కూర్చో పాపా, కూర్చో," అనెను. "పిల్లకాయలు అంతసేపు నిలబడితే కాళ్లు పీకవా?"

ఆ వేసవి మొత్తములో షమీమ్‌ను కూర్చోమన్న మొదటి మనిషి ఆమెయే, అదియు నిద్రలో. చేయి విరిగిన వైపున మిగిలిన జానెడు జాగాలో షమీమ్ ఆసీనురాలయ్యెను. వెంటనే అవ్వ తల ఆమె భుజముపై వాలెను.

ఇక ఆమె విజృంభణమును ఏమని వర్ణింతును. "సార్, కొత్త ఏరియేటర్లు చెరువులో ఎప్పుడు దించినారు?" అని కూర్చుండియే అడిగెను. "శివరాత్రికి ముందర," అని హజరత్తయ్య జవాబు చెప్పెను. ఎడమ భుజము తిమ్మిరెక్కుచుండగా కుడిచేతితో వరుసలను చెండాడి, మేత గోడౌనులో చిక్కిన అంకెను విడిపించి, పాత యంత్రములకు పూర్తి తరుగుదలయు, కొత్తవాటికి సగమును వేసి, ఆఖరి గడిని నింపుచుండగా తలుపు తెరుచుకొనెను.

ఉషారాణి గారు వచ్చి తెర వైపు వంగి చూచిరి. "కొత్తవాటికి సగమే వేసినావే?"

"మార్చి ఆఖరికి వాటిని ఆరు నెలలు కూడా వాడలేదు మేడమ్."

మేడమ్ మరల ఒకమారు పైనుండి క్రిందికి చదివిరి. "సరిపోయింది. ఇదే పెడతాం ఫైల్లో."

అలవాటు చొప్పున షమీమ్ లేవబోయెను. మేడమ్ ఆమె తలపై చేయి వేసి ఆపిరి. "ఉండు, లేవబాక. ఆమెకు మెలకువొస్తాది." అని, వేరొక కుర్చీ ఖాళీ లేనందున, తాము నిలబడియే తక్కిన పేజీలు చూచుకొనిరి.

కావున అష్టదిక్కులకును చాటుచున్నాను. పెన్నకు దక్షిణమున, సముద్రమునకు పడమట, ప్రచండ గ్రీష్మమున, రక్తపాతము లేకుండ, శత్రువు నిద్రకు భంగము కలుగకుండ, ఒక చెయ్యి విరిగిన తిరుగుడు కుర్చీలో సగముకంటె కొంచెము తక్కువ భాగమును జయించి, అవ్వ మేలుకొనునంత వరకు నిరాటంకముగా ఏలిన గూడూరు షమీమ్ కూర్చున్నది. మేడమ్ నిలబడి ఉండగా కూర్చున్నది.