ఇన్‌స్పెక్షన్‌కి వేసిన సున్నం

బుధవారం ఉదయం పోలిరాజు వేసుకున్న పథకం చాలా చిన్నది: ఎవరూ ఏమీ చేయకూడదు. ఖిదిర్‌పూర్ ఓడరేవు కార్మికుల క్వార్టర్లలో పన్నెండు ఇళ్లకీ స్లాబు పెచ్చులూడిపోతోంది. మరమ్మతుల కోసం పెట్టుకున్న సంఘానికి ఆయనే అధ్యక్షుడు. రెండేళ్లు అర్జీలు పెట్టగా పెట్టగా, ఈ రోజు పదకొండింటికి ఇంజనీరు చూడ్డానికి వస్తున్నాడు. కిందటి నెల ఓ పెచ్చు సరిగ్గా మనవరాలి ఉయ్యాల్లో పడింది. అదృష్టం కొద్దీ పిల్ల అప్పుడు తల్లి ఒళ్లో ఉంది. ఆనాటి నుంచి పోలిరాజుకి కంటి మీద కునుకు లేదు. అందుకే ఇల్లిల్లూ తిరిగి, ఉన్నది ఉన్నట్టు వదిలేయమని చెప్పి, ఇంజనీరుని తీసుకురావడానికి బస్టాపుకి వెళ్లాడు.

ఆయన మలుపు తిరిగాడో లేదో, భార్య జగ్గమ్మ గోడకేసి చూసింది. పెద్దమనిషి ఇంటికొస్తుంటే ఈ మరకలేమిటని ఆమె ప్రాణం ఒప్పలేదు. ఒక్క గోడకే అనుకుని సున్నం కలిపింది. దాని పక్కన మిగతా మూడూ వెలవెలబోయాయి, వాటికీ, పైన స్లాబుకీ పూసింది. అది చూసిన పక్కింటి అప్పలలక్ష్మి, తనేం తక్కువ తిందని, సిమెంటు తెప్పించి స్లాబు పగుళ్లు కూడా పూడ్చింది. పదిన్నరకల్లా పదకొండు ఇళ్లు తళతళలాడాయి, వాకిళ్లలో ముగ్గులు పడ్డాయి. పన్నెండోది బంగారయ్యది. సంఘం మీటింగుకి ఏనాడూ రాని ఆ మనిషి, తాళం వేసుకుని బడ్జ్ బడ్జ్ అనే ఊళ్లో కూతురింటికి పోయాడు.

ఇంజనీరుతో వచ్చిన పోలిరాజు గుమ్మంలోనే కొయ్యబారిపోయాడు. భార్యని వంటగదిలోకి లాక్కెళ్లాడు.

"ఏటిది జగ్గీ? గోడ ముట్టుకోవద్దని సెప్పినాను కదా."

"ఇంటికొచ్చినోడికి మసిగోడలు సూపించమంటావేటి? మన పరువేటి కావాల?"

ఉయ్యాల పైన స్లాబు పెచ్చూడిన చోటైనా చూపిద్దామని వెళితే, దాని కింద జగ్గమ్మ పట్టుచీర పందిరిలా కట్టి ఉంది. పోలిరాజు లాగబోయాడు. అంత అందమైనదాన్ని పాడుచేయొద్దని ఇంజనీరు ఆయన చెయ్యి పట్టుకున్నాడు. తర్వాత భోజనానికి కూర్చుని, ఇబ్బందులేమైనా ఉన్నాయా అని జగ్గమ్మని అడిగాడు. అన్నం తినే అతిథి ముందు కష్టాలు చెప్పుకోవడం ఆమె ఇంటా వంటా లేదు. ఏమీ లేవు దాదా అని తన వచ్చీరాని బెంగాలీలో చెప్పి, ఇంకో చేప ముక్క వేసింది. పోలిరాజు ఎంత మొత్తుకున్నా, తను కళ్లారా చూసిందే రాస్తానన్నాడు ఇంజనీరు. వెళ్తూ వెళ్తూ బంగారయ్య కిటికీలోంచి లోపలికి తొంగిచూశాడు.

పది రోజులకి ఉత్తర్వు వచ్చింది. పదకొండు ఇళ్లు భేషుగ్గా ఉన్నాయి. పన్నెండోదానికి మాత్రం తక్షణం కొత్త స్లాబు వేయాలి.

జగ్గమ్మ కుమిలి కుమిలి ఏడ్చింది. తిట్టాలని నోరు తెరిచిన పోలిరాజు, ఆమె మొహం చూసి, మంచినీళ్లు తెచ్చిచ్చాడు. బంగారయ్య ఇంటి పని పూర్తయిన రోజు మొగుడూ పెళ్లాం ఉయ్యాల మోసుకెళ్లి, పిల్లని ఇక్కడ పడుకోబెట్టుకోవచ్చా అని అతన్ని అడిగారు. పాపం, అతను కాదనలేదు.

ఆ ఆదివారం సంఘం బంగారయ్యని ఏకగ్రీవంగా అధ్యక్షుణ్ణి చేసింది. ఏమీ చేయకుండా పని సాధించిన అనుభవం పన్నెండిళ్లలోనూ అతనొక్కడికే ఉంది.