ఊరికే వేలాడుతున్న వైరు

ఆ గురువారం ఉదయం వెర్లిన్ హాగెన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇంట్లో ఉన్న నాలుగు కంప్యూటర్లనూ వైర్లతో కలిపేస్తే, ఇంటి కింది బేస్‌మెంట్‌లో ఉన్న ఒక్క ప్రింటరే అన్నింటికీ పనికొస్తుంది. భార్య మార్లిస్ స్నానం చేసి వచ్చేలోపు పని అయిపోతుందనుకున్నాడు. ఆమె మాత్రం ముందురోజే చెప్పింది, ఇంటర్వ్యూ అయ్యేదాకా నెట్ జోలికి పోవద్దని. పదకొండింటికి ఆమెను కంప్యూటర్‌లోనే ప్రశ్నలు అడుగుతారు, బడి లైబ్రరీలో ఉద్యోగానికి. ఆమె పనిచేసిన బూట్ల దుకాణం మూతపడి రెండేళ్ళయింది. ఈ రెండేళ్ళలో ఆమెను పిలిచినవాళ్ళు వీళ్ళొక్కరే. ఆ సంగతి వెర్లిన్‌కూ తెలుసు. కానీ చేతులు ఊరుకోవు కదా.

బేస్‌మెంట్‌లో పని బాగానే సాగింది. కంప్యూటర్ల వైర్లనూ, ఇంటికొచ్చే నెట్ వైరునూ తెచ్చి, వాటి మాటలు ఒకదానికొకటి చేరవేసే ఒక చిన్న పెట్టెలో గుచ్చాడు. తీరా చూస్తే ఒక వైరు కొస మిగిలి, ఊరికే వేలాడుతోంది. వాకిట్లో మంచు తోసినా అంచులు గీత గీసినట్టు ఉండాలనే మనిషి వెర్లిన్. వేలాడే వైరును చూస్తూ ఊరుకుంటాడా? దాన్ని ఖాళీగా ఉన్న కన్నంలో గుచ్చేశాడు. దాని రెండో కొస అప్పటికే అదే పెట్టెలో ఉందన్న సంగతి చూసుకోలేదు. దాంతో ఆ పెట్టె తన మాట తనకే చెప్పుకోవడం మొదలుపెట్టింది, ఇక ఎవరి మాటా దాని చెవికెక్కదు. పెట్టె మీది దీపాలన్నీ గబగబా మిణుకుమంటుంటే, అన్నీ చక్కగా పనిచేస్తున్నాయని వెర్లిన్ మురిసిపోయాడు.

"వెర్లిన్, నెట్ పోయింది," అని పైనుంచి మార్లిస్ గొంతు వినిపించింది. "నువ్వేమన్నా కెలికావా?"

వెర్లిన్ పెట్టె దగ్గర్నుంచి గబుక్కున లేచాడు. "నేనా? లేదే. కంపెనీ వాళ్ళ లైను పోయుంటుంది," అనేశాడు.

ఆమె నమ్మింది. అదే వచ్చిన చిక్కు. కంపెనీకి ఫోన్ చేసింది, ఆ తర్వాత పక్కింటి ఆర్డిస్‌కు చేసింది. ఆర్డిస్ తన ఇంట్లో నెట్ ఉందో లేదో చూసుకోనైనా లేదు. అయ్యో పాపం అనుకుని వీధిలో అందరికీ చెప్పింది. పొరుగువాళ్ళకు కష్టమొస్తే ఊరుకోలేని వీధి అది. ఎవరూ తమ ఇంట్లో చూసుకోకుండానే, తలా ఒకసారి కంపెనీకి ఫోన్ చేసి, వీధి మొత్తానికి లైను లేదని మొరపెట్టుకున్నారు. ఒక్క ఇంటి గోలే అయితే కంపెనీవాళ్ళు వారం తర్వాత తీరిగ్గా వచ్చేవాళ్ళు. వీధంతా అనేసరికి వాళ్ళ బండి అప్పటికప్పుడే బయలుదేరింది.

వెర్లిన్ కనబడిన మీటనల్లా ఆర్పాడు, వెలిగించాడు. మొక్కని దేవుడు లేడు. చెమటలు తుడుచుకుంటూ పైకి వచ్చి చూస్తే, మార్లిస్ ఇస్త్రీ కోటు వేసుకుని, పలకని కంప్యూటర్ ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

"నాకిది రావాలి వెర్లిన్," అంది మెల్లగా. "ఇంట్లో కూర్చుని కూర్చుని నా మీద నాకే నమ్మకం పోతోంది."

అప్పుడైనా చెప్పేయాల్సింది. చెప్పకుండా పక్కింటికి పరుగెత్తాడు. చూస్తే, ఆర్డిస్ ఇంట్లో నెట్ నిక్షేపంగా ఉంది. మార్లిస్‌ను ల్యాప్‌టాప్‌తో సహా తీసుకెళ్ళి అక్కడి వంటింటి బల్ల ముందు కూర్చోబెట్టి, మళ్ళీ బేస్‌మెంట్‌లోకి ఉరికాడు. ఒక్కో వైరునూ వేలితో తడుముకుంటూ పోయి, ఎట్టకేలకు తాను గుచ్చిన కొసను పట్టుకుని పీకాడు. దీపాలు నెమ్మదించాయి, నెట్ వచ్చింది. బతికిపోయాననుకున్నాడు.

ఈలోగా వీధి చివర స్తంభమెక్కిన కంపెనీ మనిషికి లోపమేదీ దొరకలేదు. ఇన్ని ఇళ్ళవాళ్ళు అబద్ధమాడతారా అనుకుని, పరీక్ష చేయడానికి వీధి లైను మొత్తం ఆపేశాడు.

మార్లిస్ పాలిపోయిన ముఖంతో తిరిగొచ్చింది. "ఈ పనికి నేనెందుకు తగినదాన్నో చెప్పమన్నారు. సగం చెప్పానో లేదో, పోయింది," అంది.

వెర్లిన్ ఇక దాచలేక నిజం చెప్పబోయాడు. ఫోన్ మోగింది.

బడి ప్రిన్సిపాల్ లిండ్‌క్విస్ట్ మాట్లాడుతోంది. వెర్లిన్‌కూ వినబడేలా మార్లిస్ ఫోన్ స్పీకర్ వేసి బల్ల మీద పెట్టింది. మాట మధ్యలో తెగిపోయిందేమని కంపెనీకి ఫోన్ చేస్తే, వీధి లైను ఆపామని వాళ్ళే చెప్పారట. అంత గందరగోళంలోనూ పక్కింటికి వెళ్ళి, తొణక్కుండా వేళకు ఎదురుగా కూర్చున్న మనిషే పిల్లల మధ్య నెగ్గుకురాగలదట. సోమవారం నుంచి పనిలోకి రమ్మంది.

మార్లిస్ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "అంతా మా ఆయన పుణ్యమేనండీ," అంది. "పొద్దున్నించీ నా కోసం కింద ఆ వైర్లతో ఒకటే కుస్తీ."

అలాగా, అయితే లైబ్రరీ కంప్యూటర్లన్నీ కలిపిపెట్టే మనిషి కోసమే తాము వెతుకుతున్నామంది ప్రిన్సిపాల్. ఆయన వచ్చి సాయం చేస్తారా అని అడిగింది.

"నాకు రాదండీ," అన్నాడు వెర్లిన్.

"మీరు మరీను. కాస్త వచ్చి వెళ్ళండి."

"నిజంగా రాదండీ."

ఆ ఊళ్ళో ఎవరేమిచ్చినా, ఏమడిగినా రెండుసార్లు వద్దనడం మర్యాద, మూడోసారి ఒప్పుకోవడం ఆనవాయితీ. నిజంగానే వద్దనేవాడికి వేరే మాటంటూ లేదు. ప్రిన్సిపాల్ మూడోసారి అడిగింది. ఎందుకు రాదో చెబితే పొద్దుటి భాగోతమంతా బయటపడుతుంది, మార్లిస్‌కు వచ్చిన ఉద్యోగం కాస్తా ఆ అబద్ధం మీద వచ్చినట్టవుతుంది. వెర్లిన్ భార్య ముఖం వంక చూశాడు. ఇన్నాళ్ళకు అది వెలిగిపోతోంది.

"అలాగేనండీ," అన్నాడు.

సోమవారం ఉదయం మార్లిస్ శాండ్‌విచ్ డబ్బాతోనూ, వెర్లిన్ కంపెనీవాళ్ళ ఫోన్ నంబరుతోనూ కలిసి బడికి బయలుదేరారు.