మా బ్రేకులు పాడిన పాట

కార్ల కంపెనీలు పాటలు కూడా తయారు చేయడం మన అదృష్టం. కాదన్నవాళ్లు ఒకసారి చెవుల డాక్టరుకు చూపించుకోవాలి!

ఒకప్పుడు కారు కొనేవాడు మైలేజీ ఎంత, ఇంజిన్ ఎలాంటిది అంటూ సేల్స్‌మన్ ప్రాణం తోడేసేవాడు. ఇప్పుడా గొడవ లేదు. పాట బాగుందా, కారు కొనెయ్! నేనూ అలాగే కొన్నాను. ప్రకటనలో ఓ కుర్రాడు సముద్రం పక్కన స్టీరింగ్ వదిలేసి, చప్పట్లు కొడుతూ పాడతాడు. స్టీరింగే అక్కర్లేని కారుకు బ్రేకులున్నాయా అని అడగడం మర్యాదేనా?

షోరూంలో తాళాలిచ్చే ముందు మా ఇంటిల్లిపాదిచేతా డ్యాన్స్ చేయించారు. రీల్ తీసి వాళ్ల పేజీలో పెట్టాలట. మోకాళ్ల నొప్పులతో కుర్చీ దిగని మా అత్తగారు కూడా నడుం ఊపారు. ఏ డాక్టరు చేయించగలడండీ ఈ పని?

కొన్నాళ్లకు బ్రేకు తొక్కితే కారు 'కీఁయ్... గర్ర్... కీఁయ్' అనడం మొదలుపెట్టింది. మనం ఆపిన చోట కాకుండా తనకు నచ్చిన చోట ఆగేది. సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేస్తే కంపెనీ పాట వినిపించారు. మధ్యలో ఎవరూ ఫోనెత్తి పాటను పాడుచేయలేదు. ఎంత సంస్కారం!

మా ఆవిడ రోజూ ఆ కారులోనే పాపను స్కూల్లో దింపి ఆఫీసుకు వెళుతుంది.

"ఏవండీ, ఇవాళ స్కూలు గేటు దగ్గర ఆగలేదు, గేటుకు గుద్దుకుని ఆగింది. వెనక పాప ఉంది. నాకు భయంగా ఉందండీ," అంది.

వెంటనే వెళ్లి బ్రేకు తొక్కి చూశాను. ఆ చప్పుడు వీడియో తీసి, కంపెనీ పేజీకి పంపించాను.

చూడండి వాళ్ల చురుకుదనం! చేతిలో కాఫీ చల్లారేలోపు ఎర్ర గుండె బొమ్మ వచ్చింది. మర్నాటికల్లా మా బ్రేకుల చప్పుడుకు డ్రమ్స్ తగిలించి, వెనక కోరస్ పెట్టి, పాటగా విడుదల చేసేశారు. ఊరు ఊరంతా ఊగిపోయింది. జిమ్‌లో దాంతోనే బస్కీలు. పక్కింటి పిన్నిగారి రింగ్‌టోన్ కూడా అదే. ఆవిడకు ఫోన్ వచ్చినప్పుడల్లా మా పాప చెవులు మూసుకుంటోంది.

షోరూంకు పరుగెత్తాను. మేనేజరు ఎదురొచ్చి కౌగిలించుకున్నాడు.

"సార్, మీరు మా స్టార్!"

"ముందు బ్రేకులు బాగుచేయించు బాబూ."

"అయ్యయ్యో, ఇప్పుడు వాటి మీద చెయ్యి వేయకూడదు సార్! రెండో పాట రికార్డింగ్ ఉంది. బాగుచేస్తే ఆ సౌండ్ మళ్లీ రాదు కదా!"

"అందులో నా కూతురు కూర్చుంటుందయ్యా!"

"పాప కూడా పాడుతుందా సార్?"

తాళాలు అతని బల్ల మీద పడేసి వచ్చేశాను. మా ఆవిడా పాపా ఇప్పుడు బస్సులో వెళుతున్నారు. కారును మాత్రం కంపెనీవాళ్లు రెండో పాట ప్రచారానికి వీధివీధినా తిప్పుతున్నారు. ఆ చప్పుడు వినగానే జనం రోడ్డు మీదికొచ్చి చిందులేస్తున్నారు. పిల్లలైతే ఎదురు పరుగెడుతున్నారు!

కాబట్టి సంగీతప్రియులకు ఒక్క మనవి. మీ వీధిలో ఆ పాట వినబడితే ఫోన్ బయటికి తీయకండి. పిల్లల్ని చంకనేసుకుని మెట్లెక్కేయండి. డ్రైవరు బ్రేకు తొక్కుతున్నాడని దానర్థం. బండి ఆగుతుందని కాదు.