సున్నా మార్కుల సారు

ఎల్లారెడ్డి యూనిట్‌లో పనిచేసేవాళ్లంతా, ఒక్కరు కూడా మిగలకుండా, తమ మేనేజరుకు పదికి సున్నా మార్కులు వేశారన్న సంగతి, ఆ మేనేజరు మార్కండేయకు సోమవారం పొద్దున ఉప్మా తింటుండగా తెలిసింది.

ఆ రోజుకు అతను వేసుకున్న పథకం చాలా చిన్నది. ఉప్మా తినాలి, యూనిట్‌కు వెళ్లాలి, వాన పడకముందే గోదాము కప్పు మీద పగిలిన రేకు మార్పించాలి. అంతే. పచ్చపైరు సీడ్స్ పెద్ద కంపెనీ. హైదరాబాదులో అద్దాల మేడ, కామారెడ్డిలో జిల్లా ఆఫీసు ఉన్నాయి. ఎల్లారెడ్డిలో ఉన్నవి మాత్రం మక్కజొన్న విత్తనాలు జల్లించి, ఏరి, సంచులకెత్తే రేకుల షెడ్లు. మీ పై అధికారి ఎట్లాంటివాడు, మీతో ఎట్లా మాట్లాడతాడు అని ఈ మధ్య కొన్నేళ్లుగా కంపెనీ ఏడాదికోసారి అందరినీ ఫోనులోనే అడుగుతుంది. వేసినవాళ్ల పేర్లు బయటికి రావు. మార్కులు మాత్రం వస్తాయి. అవి మరీ తక్కువగా వస్తే మేనేజరు కూడా బయటికి వస్తాడు.

ఈ కబురు చెప్పింది కామారెడ్డి ఆఫీసులో ఉద్యోగుల బాగోగులు చూసే భాగ్యశ్రీ.

"మధ్యాహ్నం లోపల వస్తున్నాను మార్కండేయ గారూ. విచారణ ఉంటది. అప్పటిదాకా ఎవరినీ బెదిరించకండి."

"బెదిరించుడా? మేడం, నేను పిల్లిని గూడ అదిలియ్యను."

"అందరూ అట్లనే అంటరు," అని ఆమె ఫోను పెట్టేసింది.

మార్కండేయ ఉప్మా పళ్లెం పక్కన పెట్టేశాడు. ఉద్యోగం పోతుందన్న భయం ఒక పక్కన ఉంది. దానికన్నా పెద్దది ఇంకొకటి ఉంది. కిందటి ఎండాకాలం తల్లి తుంటి విరిగి కామారెడ్డిలో ఆసుపత్రిలో పడితే, ఈ షెడ్ల మనుషులే వంతులేసుకుని బస్సెక్కి వెళ్లి ఆమె మంచం పక్కన కూర్చున్నారు. సద్దిలో రొట్టె తెచ్చి తినిపించారు. అటువంటి మనుషులు సున్నా వేశారంటే తప్పు వాళ్లది కాదు, తనదే. ఆ తప్పేమిటో భాగ్యశ్రీ రాకముందే పట్టుకోవాలి.

ఆఫీసు పనులన్నీ చక్కబెట్టే గ్లోరీకి ఫోను చేశాడు. "గ్లోరీ, నాకు సున్నా ఏసిండ్రట."

"ఎవరు సార్?"

"అందరు."

"అందరంటే, నేను గూడనా?"

"నువ్వు ఏసినవా మరి?"

"పేర్లు బయటికి రావన్నరు గద సార్," అంది గ్లోరీ. వెంటనే గొంతు మార్చింది. "మీరేం రంది పడకుండ్రి. అచ్చి అందరితోని మంచిగ మాట్లాడుండ్రి. ఏందో నేను అందరిని అడిగి అర్సుకుంట."

మార్కండేయ ఆ సలహాను అక్షరాలా పాటించాడు. కొంప అక్కడే అంటుకుంది.

గేటు దాటగానే హమాలీల మేస్త్రీ మైసన్న ఎదురయ్యాడు. మార్కండేయ బండి దిగి అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. "మైసన్నా, నాతోని ఏమన్న తప్పు జరిగితె మనసుల పెట్టుకోకు."

మైసన్న నెత్తి మీది తువ్వాల జారింది. వాళ్ల ఊళ్లో ఆ మాట రెండే సందర్భాల్లో అంటారు. ఊరు విడిచి పోయేటప్పుడు, లేదా మరీ దూరం పోయేటప్పుడు.

"సారూ, పానం మంచిగనే ఉన్నదా?"

"మంచిగనే ఉన్నది. ఎవరు ఎన్నొద్దులుంటరో ఎవరికెరుక."

తర్వాత అతను విత్తనాలు ఏరే ఆడవాళ్ల దగ్గరికి నడిచాడు. అందరికన్నా పెద్దది యాదవ్వ జల్లెడ ముందు కూర్చుని ఉంది. "యాదవ్వా, నీ బిడ్డ కాన్పప్పుడు ఇంకిన్ని దినాలు సెలవు ఇచ్చేదుండె. తప్పైంది."

యాదవ్వ చేతిలోని మక్క గింజలు జారి నేల మీద పడ్డాయి. "గిప్పుడెందుకు సారు గా ముచ్చట?"

"అనిపిచ్చింది, అందుకె అంటున్న."

అతను ఆఫీసు గదిలోకి పోయేసరికి షెడ్లలో సంగతంతా తేలిపోయింది.

"సారుకు ప్రమోషనచ్చింది. పోతున్నడు," అన్నాడు మైసన్న.

"కామారెడ్డి నుంచి మేడం కారేస్కోని అస్తున్నదట," అంది ఇంకో ఆమె.

"కారెందుకే?"

"సామానెక్కియ్యనీకె," అని యాదవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. అంతే, వరసంతా ఏడుపు అందుకుంది.

భాగ్యశ్రీ కారు దిగింది సరిగ్గా ఆ ఏడుపులోకి. పదిహేను యూనిట్లు తిరిగిన మనిషి, పనిచేసే చోట ఇందరు ఒకేసారి కన్నీళ్లు పెట్టుకోవడం ఎక్కడా చూడలేదు. ఆమె మొహం బిగుసుకుంది. మార్కండేయ నమస్కారం పెడితే తల కూడా ఊపకుండా, "మీరు ఇక్కడ ఉండొద్దు," అంది.

అతను రేకు చూసొస్తానని పక్కనే ఉన్న గోదాములోకి పోయాడు. పోయి, సంచుల వరస వెనక ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. అక్కడినుంచి పగిలిన రేకు కనబడదు. మాటలు మాత్రం బాగా వినిపిస్తాయి.

"ఎవరికీ భయపడొద్దు. నేనున్నాను," అంది భాగ్యశ్రీ. "మీ సారు ఎట్లాంటివాడో చెప్పండి."

షెడ్డులో ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. మంచివాడంటే ఈ క్షణమే కారెక్కిస్తుంది. మైసన్న ధైర్యం చేసి ముందుకొచ్చాడు.

"మంచోడు కాదు మేడం. తిడ్తడు."

"ఏమని?"

మైసన్న జీవితంలో ఆ సారు చేత తిట్లు తినలేదు. చాలా వెతికాడు. "ఎండల మూటలు మొయ్యకుండ్రి, పానం పోతది అంటడు."

"అది తిట్టు ఎట్లయితది?"

"పదిమందిల అంటడు మేడం. మొగోనికి నామోషి గాదా?"

భాగ్యశ్రీ ఒక్కసారి కళ్లు మూసి తెరిచింది. అతని మాట కన్నా అతని గొంతులోని వణుకే ఆమెకు పట్టింది. పాపం, అసలు సంగతి చెప్పడానికి భయపడుతున్నాడు అనుకుంది.

"కింద కూసొని ఏరెటోళ్లం. మాకు కుర్చీలేసిండు. కాళ్లు ఏలాడేస్తె తిమ్మిర్లు వడ్తున్నయ్," అంది ఇంకొకామె.

"ఎండాకాలం తెల్లారంగనే పనికి రమ్మంటడు," అంది మరొకామె.

"మరి ఇంటికి ఎప్పుడు పంపిస్తడు?"

"ఎండ ముదరకముందే ఎల్లగొడ్తడు మేడం. ఒక్క గంట ఎక్కువ ఉండనియ్యడు."

"వెళ్లగొడతాడా?" భాగ్యశ్రీ మొహం ఎర్రబడింది. "సెలవులు?"

యాదవ్వ లేచింది. "నేనడిగిన. బిడ్డ కాన్పుకు."

"ఇవ్వలేదా?"

"ఇచ్చిండు. గని మొకం మాడ్చుకోని ఇచ్చిండు."

సంచుల వెనక మార్కండేయ తన మొహం తడిమి చూసుకున్నాడు. ఆ రోజు తను పంటి నొప్పితో ఉన్నట్టు గుర్తొచ్చింది.

ఇవన్నీ చాలడం లేదని మైసన్నకు అనుమానం వచ్చింది. మేడం ఇంకా కారు వైపే చూస్తోంది. అతను ఒక్క దూకు దూకాడు. "కొడ్తడు గూడ."

భాగ్యశ్రీ లేచి నిలబడింది. "ఎవరిని కొట్టిండు?"

మైసన్న అటూ ఇటూ చూశాడు. ఎవరూ ముందుకు రాలేదు. సారును నిలబెట్టుకోవడానికి ఎవరో ఒకరు దెబ్బలు తినక తప్పదు. యాదవ్వ దేవుణ్ణి తలుచుకుని చెయ్యెత్తింది.

"నన్నే," అంది.

భాగ్యశ్రీ ఇంక ఆగలేదు. అక్కడే నిలబడి కామారెడ్డికి ఫోను చేసింది. "సార్, ఈ మార్కండేయను ఇవాళే తీసెయ్యాలి. పెద్దామె మీద చెయ్యి చేసుకున్నాడు. అవును, ఆర్డరు పంపండి. పోలీసులకు కూడా చెప్పాల్సి వస్తదేమో."

ఆమె ఫోను దించేసరికి యాదవ్వ ఆమె చెయ్యి పట్టుకుని ఉంది.

"తీసెయ్యుడంటె ఏంది బిడ్డా? పైకి తీసుడా, కిందికి తీసుడా?"

"ఉద్యోగం నుంచి తీసెయ్యడం."

"ఇంకో ఊరికి గాదు?"

"ఏ ఊరికీ కాదు. ఇంటికి."

యాదవ్వ నేల మీద చతికిలబడింది. "నా కండ్లు పోను, నన్ను కొట్టలే. నాతోని గట్టిగ గూడ మాట్లాడలే."

సంచుల వెనకనుంచి మార్కండేయ బయటికొచ్చాడు. బట్టల నిండా దుమ్ము. "యాదవ్వా, నేను నిన్ను కొట్టిన్నా?"

"కొట్టినా బాగుండు సారూ. ఏడికి పోకుండ ఈడనే ఉందువు."

అప్పుడు షెడ్డు మొత్తం ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టింది. కుర్చీలు వచ్చాక నడుం నొప్పులు పోయాయని ఒకామె, ఎండాకాలం ఈ ఏడు ఒక్కరు కూడా వడదెబ్బకు పడలేదని ఇంకొకామె చెప్పారు. మైసన్న కాలు విరిగితే సారు వారానికోసారి ఇంటికొచ్చి, పని ఎక్కడికీ పోదు, కాలు మొలవనీ అన్నాడట. కాలు మొలవడం కాదు, అతకడం అని ఎవరో దిద్దారు. భాగ్యశ్రీ ఎవరి మాట వినాలో తెలియక అందరి వైపూ తిరిగింది. మార్కండేయ మాత్రం ఎవరి వైపూ చూడలేక గోడ వైపు తిరిగాడు. ఆఖరికి, "మీరు మా అమ్మ కాడ కూసున్న దానికి ఇదేం లెక్క," అని మాత్రం అనగలిగాడు.

భాగ్యశ్రీ మళ్లీ ఫోను తీసింది. "సార్, ఆర్డరు ఆపండి. పొరపాటైంది. లేదు, ఇక్కడే ఉంటాడు. ప్రమోషనా? అసలు ఆ మాటే లేదు."

ఆ చివరి మాటకు షెడ్డంతా చప్పట్లు కొట్టింది. ఒక మనిషికి ప్రమోషన్ రాలేదని పచ్చపైరు సీడ్స్‌లో ఇంత సంబరం ఎప్పుడూ జరగలేదు. మార్కండేయ కూడా కొట్టాడు.

"అది సరే," అంది భాగ్యశ్రీ, చప్పట్లు ఆగాక. "ఇంతమంది ఒక్కతీరుగా సున్నా నొక్కారు. ఎవరో నేర్పకుండా ఇది జరగదు. ఎవరది?"

అందరూ కిందికి చూశారు. పొద్దుటినుంచి అందరినీ అర్సుకుంటున్న గ్లోరీ, చాయ్ గ్లాసుల పళ్లెం పక్కన పెట్టి ముందుకొచ్చింది. మార్కండేయ నోరు తెరిచాడు. ఆమె అతని వైపు చూడలేదు.

"నేనే మేడం. అందరి ఫోన్లు పట్టుకోని, సారు పేరు కాడ సున్నా నొక్కుండ్రని నేనే నేర్పిన. ఏం జెయ్యాలె? ఎల్లారెడ్డిల మంచోళ్లు నిలుస్తరా? మా చర్చికి మంచి పాస్టరయ్య అస్తె, బాగ జెప్తుండని నిజామాబాదోళ్లు తోల్కపోయిండ్రు. ఈ సారు కన్న ముందటి సారు నోరు తెరిస్తె బూతులే. మన కంపెనీల ఒక్కలన్న ఆయన్ను కదిలిచ్చిండ్రా? రిటైరయ్యేదాంక ఈడనే ఉన్నడు. గప్పుడు నాకు సమజైంది, మంచి మార్కులొస్తె తీస్కపోతరు, రాకుంటె ఇడిచిపెడ్తరు అని. ఇంకొకటి గూడ ఒప్పుకుంట మేడం. ఫోన్ల సారు పేరు తరువాత, కామారెడ్డి ఆఫీసుల ఉండే మీ గురించి గూడ అడిగిండ్రు. ఆడ మాత్రం అందరితోని పదికి పది ఏపిచ్చిన."