దుప్పటి కింద వేళ్లు

గుండెకు బైపాస్ ఆపరేషన్ జరిగిన నాలుగో రోజు పొద్దున ఆరున్నరకే ఆదిమూలం ఆనాటి పని లెక్క వేసుకున్నాడు. ఏడింటికి సిస్టర్ వస్తుంది. పదింటికి డాక్టర్ వస్తాడు. పదకొండుకల్లా తాను ఐసీయూ దాటి వార్డులో పడాలి. వార్డులో ఖాళీ అయింది ఒక్కటే మంచం. దానికి పోటీ ఇద్దరు: తాను, పక్క మంచం మీది మునెయ్య.

వార్డు మీద ఆయనకు మోజేమీ లేదు. ఐసీయూలోకి అయినవాళ్లను రానివ్వరు. భార్య పంకజాక్షి నాలుగు రోజులుగా ఆ తిరుపతి ఆసుపత్రి వరండాలో ఇనుప కుర్చీ మీదే కునుకు తీస్తోంది. అసలే ఆమెకు మోకాళ్ల నొప్పులు. వార్డులో అయితే తోడున్నవాళ్లు పడుకోవడానికి ఒక బల్ల, దాని మీద పరుపు ఉంటాయని ఆయన వాకబు చేసి తెలుసుకున్నాడు. అయితే ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. అవసరం బయటపెట్టుకున్న మనిషి సగం బేరం ఓడిపోయినట్టేనని ఆయన నమ్మకం.

ఆదిమూలం పశువుల సంతలో దళారి. చిత్తూరు చుట్టుపక్కల ఎద్దు ఒక కొట్టం నుంచి ఇంకో కొట్టానికి పోవాలంటే మధ్యలో ఆయన చెయ్యి పడాల్సిందే. నలుగురికీ వినపడకుండా, తువ్వాలు కింద చెయ్యీ చెయ్యీ కలిపి, వేళ్లతోనే ధర చెప్పి వేళ్లతోనే తగ్గించే విద్య అది. పట్టుకున్న వేళ్లను బట్టి ధర. అరచెయ్యి మొత్తం గట్టిగా నొక్కితే బేరం ముగిసినట్టు. ఆ తర్వాత మాట మార్చడానికి లేదు.

ఏడింటికి రూతు వచ్చింది. గూడూరు అమ్మాయి, ఉద్యోగంలో చేరి ఆరు నెలలయింది. చేతిలో ఒక పత్రం ఉంది.

"పెద్దాయనా, పెద్ద ఆపరేషన్ అయినాక కొంతమందికి నాలుగు రోజులు మతి అటూ ఇటూ అవుతాది. అందుకని పూటపూటా కొన్ని ప్రశ్నలు అడుగుతాము. ఇందులో బాగుండాదని రాస్తేనే డాక్టర్ వార్డుకు పంపిస్తాడు. మీ పేరు చెప్పండి."

"నీ కాగితంలో లేదా?"

"ఉండాది. మీరు చెప్పాల."

"ఉండేదాన్నే మళ్లా అడుగుతా ఉండావంటే యాడనో తేడా వచ్చింటాది. అందులో ఏం పేరుండాదో ముందు నువ్వు సెప్పు పాపా."

రూతు ఒక గడిలో గుర్తు పెట్టుకుంది. "సరే. రాయి నీళ్ల మీద తేలుతాదా?"

ఆదిమూలం జాగ్రత్త పడ్డాడు. నలభై ఏళ్లు సంతలో నలిగిన మనిషిని ఇంత తేలిక ప్రశ్న ఎవరూ ఊరికే అడగరు. పళ్లూడిన ఎద్దును అంటగట్టేవాడే, దీనికి కాళ్లు నాలుగా కాదా అని మొదలుపెడతాడు.

"తేలంగా నువ్వు సూసినావా?" అన్నాడు.

"ఒక కేజీ రెండు కేజీల కన్నా బరువా?"

"ఎవరి తక్కెట్లో?"

ఇంకో గుర్తు పడింది. రూతు మంచం మీదికి వంగి ఆయన చెయ్యి పట్టుకుంది. ఏసీ చలికి కప్పిన దుప్పటి జారి ఇద్దరి చేతుల మీదా పడింది. "నేను వరసగా అక్షరాలు చెబుతాను. 'క' అన్నప్పుడు మాత్రం నా చెయ్యి గట్టిగా నొక్కండి."

చెయ్యిలో చెయ్యి, పైన గుడ్డ. గట్టిగా నొక్కితే ఒప్పుకున్నట్టు. దేనికి ఒప్పుకున్నట్టో మాత్రం ఈ పిల్ల చెప్పడం లేదు. మొన్న వాళ్లు చూపించిన చోటల్లా చదవకుండా సంతకం పెడితే రొమ్ము కోశారు. ఇప్పుడు నొక్కితే ఇంకేం కోస్తారో. ఆయన 'క'ను పోనిచ్చాడు. మరీ మొహం మాడ్చకూడదని మర్యాదకు ఆమె వేలు ఒక్కటి పట్టుకున్నాడు. ఇంకొక్క రోజుంటాను, అంతకు మించి లేదని దాని అర్థం. ఆమె మళ్లీ మొదటి నుంచి అక్షరాలు చదివింది. పిల్ల బేరం దిగడం లేదనుకుని, ఆయన రెండో వేలు సగానికి పట్టుకున్నాడు.

"ఏం చేస్తా ఉండారు పెద్దాయనా?"

"నేను ఒకటిన్నర కాడికి వచ్చినా. నీ మాట సెప్పు."

రూతు నెమ్మదిగా చెయ్యి వెనక్కి తీసుకుని, ప్రసన్నకుమారిని పిలవడానికి వెళ్లింది. ప్రసన్నకుమారి ఐసీయూ నర్సులందరికీ పెద్ద, ఇరవై రెండేళ్ల అనుభవం. వచ్చి పత్రం చూసి ఒకే ప్రశ్న అడిగింది.

"ఇప్పుడు మీరు యాడ ఉండారు?"

"నన్ను యాడ పెట్టినారో మీకే తెలీకుండా పోయిందా?"

"ఇంకో రెండు రోజులు ఈడనే ఉంచుదాం," అంది ఆమె రూతుతో. "ఆ మంచం మునెయ్యకు ఇద్దాం. ఆయన్ని చూడు, ఎంత నెమ్మదో. రాత్రి రాసింది గూడా శుభ్రంగా ఉండాది. ఈ పూటది అడిగేసి పంపించు."

రెండు రోజులు అనగానే ఆదిమూలానికి ఇనుప కుర్చీ కళ్లలో మెదిలింది. బేరం తెగేదాకా లాగానని అర్థమయింది. "అమ్మా, ఆగమ్మా. మళ్లా అడుగు. అన్నీ సెప్పేస్తా," అన్నాడు.

"చూసినావా," అంది ప్రసన్నకుమారి. "గడియకొక తీరు మారేదే ఈ మతి చెడేదానికి లక్షణం."

ఇక మాటలతో లాభం లేదని, తన వేళ్ల భాష నిజమని చూపించడానికి ఆయన పూనుకున్నాడు. సాక్షి పక్కనే ఉన్నాడు. సత్యవేడు మునెయ్యదీ పశువుల బేరమే. ఇరవై ఏళ్ల పరిచయం. రెండు రోజుల కింద ఆయనకు కడుపులో పెద్ద ఆపరేషన్ జరిగింది. ఆదిమూలం ఒంగి, మునెయ్య దుప్పటి కిందికి చెయ్యి పోనిచ్చి, ఒంటికన్ను ఎద్దు ఒకటుందని చెవిలో చెప్పి, దానికి సంత ధరకు మూడింతలు వేళ్లతో అడిగాడు. ఆ ఒంగడంలో రొమ్ము మీద అతికించిన తీగ ఊడి, తలదగ్గరి మిషన్ కూత పెట్టింది. నర్సులు నలుగురు పరిగెత్తుకొచ్చారు.

మునెయ్య మాత్రం చల్లగా నవ్వి, అరచెయ్యి మొత్తం గట్టిగా నొక్కాడు.

ఆదిమూలం చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ఈ మునెయ్యే ఒకప్పుడు లేగదూడకు పొద్దున పాలవేళ బేరం మొదలుపెట్టి, దీపాలవేళకు ముగించి, దూడతో పాటు పలుపుతాడు ఇవ్వలేదని మళ్లీ మొదలుపెట్టిన మనిషి.

"అమ్మా, నన్ను వదిలేయండి. మునెయ్యకు బాగలేదు. ఒంటికన్ను ఎద్దును మూడింతలకు కొనేసినాడు."

"ఏ ఎద్దును?"

"ఇప్పుడే. దుప్పటి కింద."

"రూతూ, తొడుగులు పట్టుకురా," అంది ప్రసన్నకుమారి. తీగలు పీకేసుకోకుండా రోగి చేతులకు వేసే దూది తొడుగులవి. రెండు చేతులకూ పడ్డాయి. దళారికి అది నోరు కట్టేసినట్టే.

కానీ పత్రంలో ఒక గడి ఖాళీగా ఉండటం రూతు కంటబడింది. "మేడమ్, ఇంటివాళ్లను అడగలేదు. ఈయన మామూలుగా ఎట్లా ఉంటాడో రాయాల గదా."

పంకజాక్షిని లోపలికి పిలిచారు. ఆమె కుంటుకుంటూ వచ్చి, మొగుడి చేతుల తొడుగులు చూసి నిలబడిపోయింది.

"ఏమ్మా, ఈయన ఏది అడిగినా తిన్నగా జవాబు చెప్పడం లేదు. ఎప్పటినుంచి ఇట్లా?" అని అడిగింది ప్రసన్నకుమారి.

"పెండ్లిసూపుల కాణ్ణించి," అంది పంకజాక్షి. "మా నాయన నీ పేరేంది అబ్బోడా అంటే, మీరేమని ఇన్నారు అన్నాడు."

"చేతిలో చెయ్యి పెడితే వేళ్లు పట్టుకుంటా ఉండాడు."

"నిద్దట్లో గూడా అంతే. నా సెయ్యి పట్టుకోని ఎద్దులు అమ్ముతా ఉంటాడు."

"దేనికైనా ఒక్క మాటకే ఒప్పుకుంటాడా?"

"ఈ ఆపరేషన్‌కు ఒప్పుకున్నాడు. నాకు అప్పుడే బయమేసింది."

రూతు పెదవి కొరుక్కుంటూ రాసుకుంది. "నా సంగతి ఉండనీ," అన్నాడు ఆదిమూలం. "మునెయ్య మొదటి మాటకే సెయ్యి నొక్కినాడే."

పంకజాక్షి గిరుక్కున పక్క మంచం వైపు తిరిగింది. "మునెయ్యన్నా? అమ్మా, ముందు ఆయన్ని సూడండి."

ప్రసన్నకుమారి ఈసారి వాదించలేదు. పక్క మంచానికి వెళ్లి తానే అడిగింది. రాయి తేలుతుందా అంటే తేలుతుందమ్మా అన్నాడు మునెయ్య. ఒక కేజీ బరువా అంటే బరువే అన్నాడు. ఏ అక్షరం చెప్పినా చెయ్యి నొక్కాడు. ఎక్కడున్నారంటే, ఎంతో మర్యాదగా, "సంతలో ఉండాను తల్లీ. పొద్దుపోతా ఉండాది, ఎద్దును బండెక్కించాల," అన్నాడు.

డాక్టర్‌ను పరుగున పిలిచారు. రక్తం పరీక్షిస్తే ఒంట్లో ఉప్పు బాగా పడిపోయి మతి తప్పిందని తేలింది. సమయానికి దొరికింది కాబట్టి సరిపోయిందని, మందు మొదలుపెట్టి మునెయ్యను అక్కడే ఉంచమన్నాడు. "గొడవ చేసేవాళ్లు అందరి కళ్లలో పడతారు. ఇట్లా నెమ్మదిగా ఉండేవాళ్లే జారిపోయేది," అన్నాడు.

ప్రసన్నకుమారి ఆదిమూలం తొడుగులు స్వయంగా విప్పింది. రూతు మళ్లీ చెయ్యి పట్టుకుంది.

"నొక్కితే వార్డుకేనా? ఇంకేమీ కొయ్యరు గదా?"

"వార్డుకే పెద్దాయనా."

ఆదిమూలం ప్రతి 'క'కూ నొక్కాడు, ఒక్కటీ తప్పలేదు. రాయి సంగతి అడిగితే మాత్రం, "తేలదని నువ్వు రాసుకుంటే నేనేమన్నా అడ్డం పడతానా?" అన్నాడు.

పన్నెండింటికి వార్డులో చేరారు. పంకజాక్షి బల్ల మీద ఒరిగి కాళ్లు చాపిందో లేదో నిద్రపోయింది. ఆ వెంటనే గురక మొదలయింది. నాలుగు రోజుల బాకీ ఒక్కసారే తీరుస్తున్నట్టుంది ఆ గురక. అటు మంచాల వాళ్లు తలలెత్తి చూశారు. ఆదిమూలం నాలుగు గంటల సేపు పైన ఫ్యాను రెక్కలు లెక్కపెడుతూ పడుకున్నాడు.

సాయంత్రం వార్డు నర్సు అదే పత్రం పట్టుకుని వచ్చింది. "ఏం తాతా, నిద్ర పట్టిందా?"

ఆయన బల్ల వైపు ఒకసారి చూశాడు.

"బాగా పట్టిందమ్మా."

ఆ రోజు ఆ పత్రంలోని ప్రశ్నకు ఆయన తిన్నగా చెప్పిన జవాబు అదొక్కటే. అదీ అబద్ధం.