స్పీడ్‌బ్రేకర్ దగ్గర మోగిన డప్పు

పదకొండు గంటలకు యూనివర్సిటీలో రత్నాకర్‌కు ప్రొఫెసర్ పదోన్నతి ఇంటర్వ్యూ. మూడుసార్లు చేజారిన పదవి, ఇదే ఆఖరి అవకాశం. ఆ కంగారు మరిచిపోవడానికి ఆయన పొద్దున్నే పెట్టుకున్న పని, పాత కారులో కంపెనీ ఇచ్చిన క్యాసెట్ ప్లేయర్ పీకి కొత్త స్టీరియో బిగించడం. తార్నాకలో అమ్మిన షాపువాళ్లు తామే బిగించి ఇస్తామన్నారు. ఎలక్ట్రానిక్స్ మాస్టారి కారులో ఇంకొకరు వైర్లు కలపడమా అని ఆయనే వద్దన్నాడు.

"గీ పూటనే పెట్టుకోవాల్నా?" అంది భార్య నవనీత.

"అరగంట పని. ఇరవై రెండేండ్ల సంది గీ వైర్ల పాఠమే చెప్తున్న."

"చెప్పుడు వేరే, చేసుడు వేరే."

రెండు గంటలు గడిచినా స్టీరియో వెలగలేదు. బావమరిది దానియేలు గోల్నాక పెళ్లిలో రికార్డు చేసిన డప్పు దరువుల పెన్‌డ్రైవ్ పెట్టి, రత్నాకర్ వాల్యూమ్ నాబ్ చివరిదాకా తిప్పి చూశాడు. ఉలుకూ పలుకూ లేదు. టైమైపోవడంతో అన్నీ అలాగే వదిలేసి, టై కట్టుకుని బయల్దేరాడు.

క్యాంపస్‌లో స్పీడ్‌బ్రేకర్ ఎక్కి దిగగానే వదులుగా ఉన్న వైర్లు ఎక్కడో కలిశాయి. అద్దాలు అదిరేలా డప్పు మోగింది. నాబ్ తగ్గించబోతే చేతిలోకి ఊడి వచ్చింది. తాళంచెవి తీసేసినా ఆగలేదు. కారు ఆపినా కరెంటు వచ్చే వైరుకే కలిపాడు మహానుభావుడు. 'నా స్టూడెంట్ గిట్ల చేస్తే సున్నా వేసేటోణ్ని' అనుకున్నాడు.

ఆ క్యాంపస్‌లో డప్పు మోగితే ర్యాలీ మొదలైనట్టే. విద్యార్థులు హాస్టళ్లలోంచి ఉరికొచ్చారు. ఎందుకని ఎవరూ అడగలేదు. వారం నుంచి హాస్టల్లో నీళ్లు లేవు, కాబట్టి కారణానికి కరువు లేదు. ఎం.ఎస్సీ. చదివే నవత బానెట్ ఎక్కేసింది.

"సార్ మన కోసం రోడ్డెక్కిండు!"

"అది కాదమ్మా..." అన్న మాట డప్పులో కలిసిపోయింది. రత్నాకర్ వంగి, చేతికందిన వైర్లన్నీ పీకేశాడు. డప్పు ఆగింది. సార్ ప్రసంగిస్తారని మూడొందల మంది నోళ్లు మూసుకున్నారు.

"నేను... ఇంటర్వ్యూకు పోవాలె."

"విన్నరా! లోపలికి పోయి పెద్దసార్లనే నిలదీస్తడట! పదుండ్రి!" అని అరిచింది నవత.

అలా ఊరేగింపుగా ఇంటర్వ్యూ గదిలోకి వచ్చిపడ్డాడు. లోపలివాళ్లు కిటికీలోంచి జనాన్ని చూశారు, తర్వాత మసి చేతులతో నిలబడ్డ ఆయన్ని చూశారు. పదవి ఎలాగూ పోయింది, ఉన్న ఉద్యోగం మిగిలితే చాలని ఆయన మనసులో దండం పెట్టుకున్నాడు.

"వీళ్లు ఎప్పుడు వెళ్తారండీ?" అని అడిగారు కమిటీ అధ్యక్షుడు సోమయాజులు.

"నీళ్లొస్తే పోతరు, సార్."

ఇంకో ప్రశ్న అడగలేదు. గంటలో ట్యాంకర్లు వచ్చాయి, విద్యార్థులు వెళ్లిపోయారు. సాయంత్రానికి ఉత్తర్వు కూడా వచ్చింది. ప్రొఫెసర్ అయ్యానని రత్నాకర్ ఇల్లంతా గంతులేస్తుంటే, నవనీత కళ్లజోడు పెట్టుకుని కింది వాక్యం చదివింది.

"ఆగుండ్రి, ఇంకా ఉన్నది. 'విద్యార్థులపై వీరికి గల పట్టు దృష్ట్యా హాస్టల్ వార్డెన్‌గా అదనపు బాధ్యత అప్పగించడమైనది.'"

మర్నాడు పొద్దున ఆరింటికి మూడొందల మంది ఖాళీ బకెట్లతో కొత్త వార్డెన్ గుమ్మం ముందు నిలబడ్డారు.