విమానమెక్కిన సైకిల్, అచ్యుతరామయ్య బుర్ర

“ఈ దేశంలో నేరస్థులకి నిద్ర పట్టకపోవడానికి కారణం ఒక్కటే, బెన్‌హర్. నేను మేలుకుని ఉండటం,” అన్నాడు అచ్యుతరామయ్య నాతో, బేగంపేట విమానాశ్రయంలో నల్లకళ్ళజోడు సర్దుకుంటూ.

ఏదో సినిమాలో కానిస్టేబుల్ వేషం వేసినప్పటి నుంచి ఆయన డిటెక్టివే. కృష్ణానగర్‌లో ఒకే గదిలో ఉంటున్న పాపానికి భరించేది నేను.

ఫిల్మ్ నగర్ సెట్లో హీరోగారి సైకిల్ పాట సగం తీశారు. మిగతా సగం వైజాగ్‌లో, అదీ రేపే. వేరే సైకిల్ పెడితే తెర మీద తెలిసిపోతుంది. అందుకని దాన్ని విమానంలో చేర్చమని నన్నూ, కాపలాకి ఈయన్నీ పంపారు. “అదనపు బరువుకి డబ్బు కట్టావో, నీ జీతంలో కోత. సైకిల్ చేరకపోతే ఉద్యోగమే ఉండదు,” అని ప్రొడక్షన్ మేనేజర్ సూర్యప్రకాశరావు ముందే చెప్పాడు. నేను పనిలో చేరి నెల కూడా కాలేదు.

విమాన సంస్థ కౌంటర్లో ఉద్యోగిని తెరెసాగారు సైకిల్ తూచి ఛార్జీ చెప్పారు. నా జీతం మొత్తం పోసినా చాలదు. నాకు ఏడుపొచ్చింది.

“కాటాలో కుట్ర ఉంది,” అంటూ అచ్యుతరామయ్య తనే ఎక్కి నిలబడ్డాడు.

“మీ బరువు సరిగ్గానే చూపిస్తోందండీ, దిగండి. ముందు టైర్లలో గాలి తీయించండి, అది రూలు,” అందావిడ.

లోడర్ ఓదెలు వాల్వు విప్పాడు. “గాలే లేదు సార్. గానీ టైరు రాయి లెక్క గట్టిగుంది.”

అచ్యుతరామయ్య కళ్ళజోడు తీశాడు. “బంగారం. అంతర్జాతీయ ముఠా నిన్ను పావుగా వాడుకుంటోంది బెన్‌హర్. ఎవరూ కదలొద్దు.”

అందరూ ఆగారు. ఆయనే కదిలాడు. కాటా అంచు మీద కాలు జారి, ఆసరాకని చక్రం పట్టుకుని, సైకిల్‌తో సహా వెల్లకిలా పడ్డాడు. టైరు ఊడి ఆయన చొక్కా నిండా ఇసుక పోసింది.

“ఇదేనా బంగారం?” అన్నాను.

“మారువేషంలో ఉంది,” అన్నాడు పడుకునే.

రెండో టైరూ ఖాళీ చేసి, రెండూ మళ్ళీ బిగించి తూచితే బరువు సరిపోయింది. పైసా కట్టక్కర్లేదన్నారు. ఆ సంతోషంలో, అసలు ఆ ఇసుక ఎందుకుందని నేనూ అడగలేదు.

వైజాగ్ బీచ్ రోడ్డు మీద తెలిసింది. హీరోగారికి సైకిల్ తొక్కడం రాదు. అందుకని సైకిల్‌ని స్టాండు మీదే నిలబెట్టి పాట తీస్తున్నారు; అది ఊగకుండా ఉండాలని ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వాళ్ళు టైర్లలో ఇసుక కూరారు. ఆయన ఎక్కారు, సైకిల్ ఒరిగింది, మోచేయి చీరుకుపోయింది. షూటింగ్ ఆగిపోయింది.

“ఇసుక తీసిందెవడు?” అన్నాడు డైరెక్టర్.

నా పని అయిపోయిందనుకున్నాను. అచ్యుతరామయ్య ఛాతీ విరుచుకుని ముందుకొచ్చాడు. “కనిపెట్టిందీ నేనే, తీసిందీ నేనే. ఇందులో ఇంకెవరి తెలివీ లేదు.”

నా ఉద్యోగం మిగిలింది. ఆ సాయంత్రమే ఆయన్నీ, సైకిల్నీ హైదరాబాద్ రైలెక్కించే పని నాకే చెప్పారు. రైలు కదిలాక అచ్యుతరామయ్య కిటికీలోంచి తల బయటపెట్టాడు.

“చూశావా బెన్‌హర్, కేసులో సాక్ష్యాన్ని అప్పగించడానికి నన్ను తప్ప ఇంకెవర్నీ నమ్మలేదు.”